అచ్చం తుపాకీలా ఉండాలి, తుపాకీ మాత్రం కాకూడదు
జపాన్ మోడల్ గన్‌ల లోహం, ప్లాస్టిక్, చట్టం: తరచూ అడిగే ప్రశ్నలు

జపాన్‌లో మామూలు మనిషి పిస్తోలు సొంతం చేసుకోవడం దాదాపు జరగని పని. అదే జపాన్‌లో పిస్తోలును మరమేకుతో సహా పోలిన నమూనాలు చేసి అమ్మే పరిశ్రమ 1960ల నుంచి నడుస్తోంది. వాటిని విప్పి, తుడిచి, మళ్లీ బిగించి అద్దాల బీరువాలో పెట్టుకునే పెద్దమనుషులు అక్కడ చాలామంది. టోక్యోలో, ఒసాకాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లలో కొందరికీ ఆ సరదా అంటుకుంది. దుకాణంలో చూసింది కొనొచ్చా, బంగారు రంగులో ఎందుకుంది, ఊరికి తెచ్చుకోవచ్చా అనే సందేహాలు వాళ్లను వదలవు. ఆ సందేహాల్లో చాలావాటికి జవాబు తుపాకీ ఆకారంలో దొరకదు. అది దేనితో తయారైందో అక్కడ దొరుకుతుంది.

ప్రశ్న: మోడల్ గన్, ఎయిర్‌సాఫ్ట్ గన్ రెండూ ఒకటేనా?

కావు. ఎయిర్‌సాఫ్ట్ గన్ గాలితోనో గ్యాస్‌తోనో 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండును బయటికి విసురుతుంది. జపాన్‌లో మోడల్ గన్ అనే దాంట్లోంచి ఏదీ బయటికి రాదు. లోపలి యంత్రాంగమంతా అసలుదానిలా కదులుతుంది. ట్రిగ్గర్ నొక్కితే సుత్తి పడుతుంది, స్లయిడ్ వెనక్కి పోతుంది, ఖాళీ గుల్ల ఎగిరి పడుతుంది. కొన్నింట్లో గుల్ల లోపల చిన్న మందుబిళ్ల పెడితే దీపావళి రీలు తుపాకీలా ఠప్పుమంటుంది. అంతే.

చట్టం కూడా రెంటినీ వేరుగానే చూస్తుంది. ఎయిర్‌సాఫ్ట్‌ విషయంలో గుండు ఎంత శక్తితో వెళుతుందన్నది లెక్క. 2006 సవరణ తర్వాత 6 మిల్లీమీటర్ల గుండుకు హద్దు ఒక జౌల్‌కి కాస్త తక్కువ, సుమారు 0.98. మోడల్ గన్‌లో ఎగిరేదే లేదు కాబట్టి ఈ లెక్క వర్తించదు. అక్కడ చూసేది పదార్థం, రంగు, నిర్మాణం.

ప్రశ్న: అసలు వీటిని దేనితో చేస్తారు?

ముఖ్యంగా మూడింటితో: జింకు మిశ్రలోహం, ఏబీఎస్ ప్లాస్టిక్, లోహపు పొడి కలిపిన ప్లాస్టిక్. స్ప్రింగులు, పిన్నులు, మరలు ఉక్కువి. పిడి పలకలు వాల్‌నట్ చెక్కవో ప్లాస్టిక్‌వో ఉంటాయి.

లోహం అనగానే ఇనుమే అనుకుంటారు చాలామంది. ఇనుము కాదు. నాలుగు శాతం వరకు అల్యూమినియం, పిసరంత మెగ్నీషియం, కొన్ని రకాల్లో ఒక శాతం దాకా రాగి కలిపిన జింకు. ఇది 400 డిగ్రీల సెల్సియస్ లోపే కరిగిపోతుంది. ఇనుము కరగాలంటే 1,500 డిగ్రీలు దాటాలి. ఈ కరిగిన జింకును ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి కొడితే సన్నని గాడి, చిన్న అక్షరం కూడా చెక్కినట్టు దిగుతాయి. కారు తలుపు పిడులు, కుళాయిల భాగాలు, చిన్నప్పటి బొమ్మ కార్లు కూడా చాలావరకు ఈ లోహంతోనే పోతపోస్తారు.

చేతిలోకి తీసుకుంటే ఉక్కుకూ దీనికీ తేడా వెంటనే తెలియదు. ఉక్కు సాంద్రత 7.8 అయితే ఈ మిశ్రలోహానిది 6.6 పైన. కానీ బలంలో పోలికే లేదు. మామూలు 9 మిల్లీమీటర్ల తూటా పేలినప్పుడు లోపల పుట్టే ఒత్తిడి చదరపు అంగుళానికి 35,000 పౌండ్ల దాకా వెళుతుంది. జింకు పోత దాన్ని ఆపేది కాదు, ముక్కలై చేతిలోకే వస్తుంది. బరువు అసలుదానిది, బలం బొమ్మది. సేకరించేవాడికీ చట్టానికీ ఇద్దరికీ నచ్చిన లోహం అందుకే ఇదైంది.

ఏబీఎస్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. హెల్మెట్లకూ సూట్‌కేసులకూ కంప్యూటర్ కీబోర్డులకూ వాడేదే. తేలిక, గట్టి, రంగు బాగా పడుతుంది. ఒకటే లోటు: సాంద్రత 1.05. అదే ఆకారం ఉక్కుతో చేస్తే ఎంత బరువుంటుందో అందులో ఏడో వంతు. అసలు కోల్ట్ గవర్నమెంట్ పిస్తోలు తూటాలు లేకుండానే 1.1 కిలోలు తూగుతుంది. ప్లాస్టిక్‌ది చేతికి తీసుకున్నవాడి మొహం చూస్తే చాలు, లోపల బరువు దిమ్మలు ఎందుకు పెడతారో తెలుస్తుంది.

ప్రశ్న: దుకాణంలో లోహపు పిస్తోళ్లన్నీ బంగారు రంగులో ఉన్నాయి. అలంకారమా?

అలంకారం కాదు, చట్టం. బీరువా నిండా బంగారు పిస్తోళ్లు చూసి ఎవరో నవాబు సొత్తు అనుకునేరు. తయారీదారుకు నల్లరంగే ఇష్టం, కొనేవాడికీ నల్లరంగే ఇష్టం. 1971 దాకా నల్లగానే వచ్చేవి.

ఆ ముందు ఏడాది, 1970 మార్చి 31న, టోక్యో నుంచి ఫుకువోకా వెళుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని రెడ్ ఆర్మీ అనే తీవ్ర వామపక్ష దళం యువకులు హైజాక్ చేశారు. కత్తులు, పిస్తోళ్లు, బాంబులు చూపించి చివరికి ఉత్తర కొరియా చేరారు. ఆ ఆయుధాలు నకిలీవని తర్వాత తేలింది. ఎదుటివాణ్ని బెదిరించడానికి తుపాకీ పేలనక్కర్లేదు, పేలుతుందనిపిస్తే చాలని దేశమంతా చూసింది. బొమ్మ తుపాకీతో చేసిన దోపిడీల సంగతి పోలీసులకు అంతకుముందే తలనొప్పి.

1958 నాటి తుపాకులు, కత్తుల నియంత్రణ చట్టాన్ని 1971లో సవరించారు. జపనీయులు ముద్దుగా ‘జూతోహో’ అని పిలిచే చట్టం అది. దాని 22వ అధికరణం రెండో ఉప అధికరణం ప్రకారం లోహంతో చేసి, పిస్తోలును బాగా పోలిన వస్తువు ‘మొజో కెంజూ’. దాన్ని ఉంచుకోవడమే నేరం. దాని కిందికి రాకుండా ఉండాలంటే రెండు షరతులు. గొట్టం రంధ్రం లోహంతో పూర్తిగా మూసి ఉండాలి. పైభాగం తెల్లగానో పసుపుపచ్చగానో ఉండాలి. బంగారు రంగు పసుపు కిందే జమ.

తెల్ల పిస్తోలు బాత్రూమ్ సామానులా ఉంటుంది. అందుకని కంపెనీలు బంగారు పూతకు వెళ్లాయి. షరతు పాటించారు, వస్తువుకు కాస్త దర్జా కూడా వచ్చింది.

ఒకటి గమనించండి. ఈ రంగు నియమం పిస్తోళ్లకూ రివాల్వర్లకూ మాత్రమే. లోహపు రైఫిళ్లు, సబ్‌మెషీన్ గన్‌ల నమూనాలు నల్లగా అమ్ముతారు. జేబులో దాచుకుని బ్యాంకులోకి వెళ్లగలిగేది పిస్తోలే కదా. ఆ తర్కం నాకైతే సబబుగానే కనిపిస్తుంది.

ప్రశ్న: రంగు సరిపోయింది. మరి 1977 నియమాలేమిటి?

అసలు కథ ఇక్కడుంది. 1971 నియమాలు కంటికి సంబంధించినవి. చూసినవాడు మోసపోకూడదు, అంతే. 1977 సవరణ వస్తువు లోపలికి వెళ్లింది. బొమ్మను నిజమైన తుపాకీగా మార్చే ప్రయత్నాలు బయటపడ్డాక, మార్చడానికి వీల్లేని బొమ్మనే అమ్మాలి అని నియమం పెట్టారు. ఈ లెక్కలో పాస్ కాని లోహపు నమూనాకు చట్టం పెట్టిన పేరు ‘మోగి జూకి’. ఇది పిస్తోళ్లతో ఆగదు. రైఫిల్, మెషీన్ గన్, వేట తుపాకీల నమూనాలకూ వర్తిస్తుంది.

ఇందులో పదార్థం గురించిన షరతు వింతైనది. మామూలుగా ప్రభుత్వ ప్రమాణం అంటే సరుకు ఇంతకన్నా గట్టిగా ఉండాలి అంటుంది. సిమెంటుకైనా, హెల్మెట్‌కైనా అంతే. ఇక్కడ ఇంతకన్నా గట్టిగా ఉండకూడదు అంది. లోహం గట్టిదనం బ్రినెల్ కొలతలో 91 దాటకూడదు. బ్రినెల్ అంటే గట్టి గోళీని నిర్ణీత బరువుతో లోహం మీద నొక్కి, పడిన సొట్ట కొలిచి లెక్కగట్టే పద్ధతి. పోత జింకులో రాగి లేని రకం 82 దగ్గర, ఒక శాతం రాగి ఉన్నది 91 దగ్గర ఉంటాయి. మామూలు మెత్తటి ఉక్కే 120 చుట్టూ ఉంటుంది. అంటే ఆ ఒక్క అంకెతో ఉక్కు, ఇత్తడిలో గట్టి రకాలు తలుపు బయట ఆగిపోయాయి. జింకు మాత్రం గడప మీద నిలబడి లోపలికొచ్చింది.

అంత మెత్తటి లోహమైతే మూసిన గొట్టాన్ని ఎవరైనా తొలిచేస్తారు కదా అనే సందేహం మీకు వస్తే, అది నియమాలు రాసినవాళ్లకూ వచ్చింది. అందుకే పోత పోసేటప్పుడే గొట్టం లోపల గట్టి ఉక్కు ముక్క ఇమిడ్చిపెట్టాలన్నారు. తయారీదారులు దాన్ని ‘ఇన్సర్ట్’ అంటారు. పైన మెత్తన, లోపల కటువు. జింకు గొట్టాన్ని తీసేసి ఉక్కు గొట్టం పెట్టుకునే వీలు లేకుండా గొట్టం విడిగా ఊడిరాకూడదని, మిగతా శరీరంతో కలిసి ఒకే పోతగా ఉండాలని కూడా పెట్టారు.

దీనివల్ల పరిశ్రమ రూపమే మారింది. అసలు పిస్తోళ్లలో చాలావాటికి గొట్టం విడిగా ఊడుతుంది. వాటిని లోహంతో యథాతథంగా చేయడం ఇక కుదరదు. విప్పి బిగించడమే సరదా అయిన వస్తువుకు అది పెద్ద దెబ్బ. కంపెనీలు ప్లాస్టిక్ వైపు మళ్లాయి. 1977 లేకపోతే జపాన్ ప్లాస్టిక్ మోడల్ గన్ ఇంత దూరం వచ్చేది కాదని నా అభిప్రాయం.

ప్రశ్న: అయితే ప్లాస్టిక్‌కి ఏ నియమమూ లేదా?

పైన చెప్పిన రెండు నిర్వచనాలూ ‘లోహంతో చేసిన’ అనే మాటతో మొదలవుతాయి. కాబట్టి ఏబీఎస్ పిస్తోలు నల్లగా ఉండొచ్చు, గొట్టం ఊడిరావొచ్చు. ఇది చదివి ప్లాస్టిక్ అయితే చట్టమే లేదనుకుంటే కొంప మునుగుతుంది.

ఎందుకంటే అసలు తుపాకీ అంటే ఏమిటి అని చెప్పే నిర్వచనంలో పదార్థం ప్రసక్తి లేదు. ప్రాణం తీయగల గుండును బయటికి పంపగలిగితే అది తుపాకీ, చెక్కదైనా సరే. 2014 మేలో కవాసాకికి చెందిన ఒకతన్ని త్రీడీ ప్రింటర్‌తో ప్లాస్టిక్ పిస్తోళ్లు చేసినందుకు అరెస్టు చేశారు. అదే ఏడాది అక్టోబరులో కోర్టు రెండేళ్ల జైలుశిక్ష వేసింది. ప్లాస్టిక్కే కదా అన్న వాదనను ఎవరూ చెవిన పెట్టలేదు.

దీనికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది 2025 నాటి సంగతి. గేమ్ సెంటర్లలో బహుమతిగా వచ్చిన, విదేశాల్లో తయారైన చిన్న ప్లాస్టిక్ రివాల్వర్ ఒకటి. దాని గొట్టం మూసిలేదు, సుత్తి దెబ్బ నేరుగా తూటా వెనక తగిలే నిర్మాణం ఉంది. అది బొమ్మ కాదు, పిస్తోలు కిందే లెక్క అని జపాన్ పోలీసులు ప్రకటించారు. ఇళ్లలో ఉంటే తెచ్చి అప్పగించమని అడిగారు. ఆటలో గెలిచిన బహుమతి అని దాచుకున్నవాళ్లు ఎంత బిత్తరపోయి ఉంటారో. జపాన్ కంపెనీలు దశాబ్దాలుగా ప్లాస్టిక్ నమూనాల్లోనూ గొట్టంలో అడ్డు పెడుతూ వచ్చింది ఈ పరిస్థితి రాకుండా ఉండడానికే.

ప్రశ్న: ‘హెవీవెయిట్’ అని పెట్టె మీద రాసుంటుంది. అదేం పదార్థం?

ప్లాస్టిక్ రెసిన్‌లో లోహపు పొడి దట్టించింది. బరువు కోసం పుట్టిన పదార్థం. లోహం చల్లదనం కూడా కొంత వస్తుంది. దీనికి మరో గుణం ఉంది, సేకరించేవాళ్లు మురిసిపోయేది. పైపొరను నున్నగా సానబడితే లోపలి లోహపు రేణువులు బయటపడతాయి. వాటిమీద తుపాకులకు వాడే నీలిరంగు రసాయనం పనిచేస్తుంది. రంగు వేసినట్టు కాక, ఉక్కు నీలం తిరిగినట్టే ఉంటుంది. ఓపిక ఉన్నవాళ్లు వారాల తరబడి దీని మీదే కూర్చుంటారు.

పొడి ఎక్కువైతే ప్లాస్టిక్ పట్టు తగ్గుతుంది. కింద పడితే ఏబీఎస్ గీరుకుపోతుంది, హెవీవెయిట్ విరిగిపోతుంది. మందుబిళ్లలు పెట్టి తరచూ పేల్చేవాళ్లు మామూలు ఏబీఎస్సే కొంటారు.

చట్టం దృష్టిలో ఇది ప్లాస్టిక్కే. నల్లగా అమ్ముతున్నారు. తనాకా, మారుషిన్, కేఎస్‌సీ వంటి పేరున్న తయారీదారుల జాబితాల్లో ఒకే పిస్తోలు ఏబీఎస్‌లోనూ హెవీవెయిట్‌లోనూ కనిపిస్తుంది.

ప్రశ్న: ఎస్‌ఎమ్‌జీ అనే ముద్ర దేనికి?

1977 నియమాల ప్రకారం తయారైన లోహపు నమూనా అని తయారీదారుల సహకార సంఘం వేసే గుర్తు అది. ప్లాస్టిక్‌వాటికి ఎస్‌పీజీ. ప్రభుత్వ ముద్రలు కావు, పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు. అయినా లోహపు పిస్తోలు కొనేటప్పుడు ముందు వెతకాల్సింది దీనికోసమే.

ప్రశ్న: పాత సామాన్ల దుకాణంలో 1960ల నాటి నల్లటి లోహపు పిస్తోలు కనిపించింది. కొనొచ్చా?

వద్దు. నల్లగా ఉన్న లోహపు పిస్తోలు నమూనా మొజో కెంజూ. 1971కి ముందు తయారైందన్న కారణానికి మినహాయింపు లేదు. ఉంచుకున్నవాడు దోషి.

ఇందులో చాలామంది తడబడే మెలిక ఒకటుంది. 1971కీ 1977కీ మధ్య తయారైనవి ఉన్నాయి చూశారూ, బంగారు పూత ఉండి, గొట్టం మూసి ఉండి, 1977 నిర్మాణ షరతులు మాత్రం పాటించనివి. వాటిని దాచుకోవచ్చు, అమ్మకూడదు. ఎందుకంటే మోగి జూకి నిషేధం అమ్మకం కోసం ఉంచుకోవడం మీదే. తండ్రి సేకరణ కొడుక్కి వస్తుంది, బీరువాలో ఉంటుంది, వేలంలో పెట్టిన రోజున సమస్య. జపాన్‌లో పనిచేసే మనవాళ్లు వెళ్లిపోతూ సామాను అమ్మేసేటప్పుడు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. అనుమానం ఉంటే దగ్గరి పోలీసు స్టేషన్‌లో అడిగితే చెబుతారు. వస్తువును పట్టుకుని వీధిలో నడిచి వెళ్లకండి, ముందు ఫోన్ చేయండి.

ప్రశ్న: నాది నేను కొనుక్కున్నది. బంగారు పూత తీసేసి నల్లరంగు వేసుకుంటే ఎవరికి నష్టం?

సొత్తు మీదే, హక్కు మాత్రం లేదు. రంగు వేసిన క్షణం నుంచి మీ చేతిలో ఉన్నది నిషేధిత వస్తువు. బీరువా దాటకపోయినా అంతే. నల్ల పిస్తోలే కావాలంటే ప్లాస్టిక్‌ది కొనుక్కోండి.

ఇదే తప్పు ఎయిర్‌సాఫ్ట్ వాళ్లు ఇంకో దారిలో చేస్తారు. విదేశీ దుకాణాల్లో అల్యూమినియం స్లయిడ్, ఫ్రేము విడిభాగాలుగా దొరుకుతాయి. అవి తెప్పించి పిస్తోలుకు తొడిగితే లోహంతో చేసి, పిస్తోలును పోలి, గొట్టం తెరిచి ఉన్న వస్తువు తయారవుతుంది. హాంకాంగ్‌లోనో తైవాన్‌లోనో మామూలుగా అమ్ముతున్నారన్న మాట జపాన్ పోలీసు ముందు పనికిరాదు.

ప్రశ్న: మందుబిళ్లలు పేల్చాక భాగాలు తుప్పు పడుతున్నాయి. నాసిరకమా?

పదార్థం తప్పు కాదు. ఆ బిళ్లలో ఉండేది క్లోరేట్, ఎర్ర భాస్వరం కలిసిన మిశ్రమం. పేలాక మిగిలే ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. ఉక్కు స్ప్రింగులు, పిన్నులు రాత్రికి రాత్రే గోధుమరంగు తిరుగుతాయి. నూనె రాస్తే ఆ ఉప్పు పోదు. విప్పి, నీళ్లు, మెత్తటి సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాత నూనె పెట్టాలి. ఆ రోజే చేయాలి. రేపటికి వాయిదా వేస్తే స్ప్రింగు కొత్తది కొనాల్సిందే.

ప్రశ్న: పదేళ్లుగా దాచిన లోహపు నమూనా మీద బుడగలు లేచాయి, పగుళ్లు వచ్చాయి. బాగుచేయొచ్చా?

బుడగలు పూత కింద మాత్రమే ఉంటే తేమ చేరి పూత లేచిందన్నమాట. మళ్లీ పూత వేయించవచ్చు. లోహమే ఉబ్బి, పొడిపొడిగా రాలుతుంటే అది జింకు తెగులు. పోత పోసేటప్పుడు సీసం, తగరం, కాడ్మియం లాంటివి మితిమీరి కలిస్తే అవి లోహపు రేణువుల మధ్య చేరి ఏళ్ల తరబడి లోపల్నుంచి తింటాయి. తేమ, వేడి దాన్ని ఇంకా ఎగదోస్తాయి. మందు లేదు. శుద్ధమైన జింకు వాడితే ఇది రాదని 1920ల చివర్లోనే తెలిసింది, జమాక్ అనే మిశ్రలోహాల కుటుంబం పుట్టింది ఆ తెలివితోనే. అయినా చవకగా పోసినవాటిలో ఇప్పటికీ కనిపిస్తుంది.

కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో లోహపు వస్తువు దాచేవాళ్లు సిలికా జెల్ పొట్లాలు వేసి, ఏడాదికి రెండుసార్లు మార్చండి. మెత్తటి రబ్బరు పట్టీలు, ప్లాస్టిక్ సంచులు ఒంటికి అంటిపెట్టి ఉంచొద్దు. వాటిలోంచి ఊరే జిడ్డు ఏబీఎస్‌ను కరిగించి మచ్చ చేస్తుంది. తెల్ల ప్లాస్టిక్ ఎండకు పచ్చబడుతుంది.

ప్రశ్న: జపాన్‌లో చట్టబద్ధంగా కొన్నాను. హైదరాబాద్‌కు తెచ్చుకోవచ్చా?

జపాన్ రశీదు, ఎస్‌ఎమ్‌జీ ముద్ర ఇక్కడ ఎవరికీ పట్టవు. మన 1959 ఆయుధాల చట్టం 6వ సెక్షన్ వివరణలో నకిలీ తుపాకీ అంటే తుపాకీలా కనిపించేది ఏదైనా, అది గుండు పేల్చగలదా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా. లోహమా ప్లాస్టిక్కా అన్న ప్రశ్నే లేదు. అలాంటిదాన్ని లైసెన్సు లేకుండా అసలు తుపాకీగా మార్చడం నేరమని అదే సెక్షన్ చెబుతుంది.

విమానంలో చేతిసంచిలో బొమ్మ తుపాకీ కూడా నిషేధం. పెద్ద సామానులో పెట్టాలన్నా ఎయిర్‌లైన్ ముందస్తు అనుమతి కావాలి. దిగాక కస్టమ్స్ అధికారి ఎక్స్‌రే తెరమీద చూసేది పిస్తోలు నీడనే. జింకు నీడకూ ఉక్కు నీడకూ అక్కడ తేడా కనబడదు. ఆ తర్వాత అది బొమ్మ అని నిరూపించే బాధ్యత, పరీక్ష అయ్యేదాకా ఆగే ఓపిక మీవి. తేవాలన్న పట్టుదల ఉంటే కొనకముందే కస్టమ్స్‌కూ, లైసెన్సులిచ్చే అధికారికీ రాతపూర్వకంగా అడిగి జవాబు దగ్గరుంచుకోండి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ వంటి కమిషనరేట్లలో పోలీస్ కమిషనర్‌, మిగతా జిల్లాల్లో కలెక్టర్ ఆ అధికారి. జవాబు రాకపోతే తేవద్దు. నా సలహా అడిగితే అక్కడే ఎవరైనా తోటి సేకరణదారుకు అప్పగించి రావడం మేలు.

ఇక్కడి బజారులో పిల్లలకు కొనే తుపాకీ వేరే సంగతి. 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి, అదుందో లేదో చూడండి చాలు.

ప్రశ్న: అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మావాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చా?

అక్కడ చట్టాలు పదార్థాన్ని వదిలేసి రంగును పట్టుకున్నాయి. అమెరికాలో 1988 సమాఖ్య చట్టం ప్రకారం బొమ్మ తుపాకీ, నమూనా తుపాకీ గొట్టం చివర మెరిసే నారింజ రంగు ఉండాలి. లేదా మొత్తం పారదర్శకంగానో, తెలుపు, ఎరుపు, పసుపు లాంటి మెరిసే రంగుల్లోనో ఉండాలి. 1898కి ముందు నాటి తుపాకుల నమూనాలు, పేలనివి, సేకరణ కోసం చేసినవి అయితే మినహాయింపు. న్యూయార్క్ నగరం ఇంకా కఠినం: నలుపు, ముదురు నీలం, వెండి రంగు బొమ్మ తుపాకీ అమ్మకమే కుదరదు.

బ్రిటన్‌లో 2007 అక్టోబరు 1 నుంచి నిజమైనదనిపించే నకిలీ తుపాకీని తయారుచేయడం, అమ్మడం, దిగుమతి చేసుకోవడం నేరం. 1870కి ముందు నమూనాలకూ, సినిమా, నాటకం, మ్యూజియం, చారిత్రక ప్రదర్శనలు, బీమా ఉన్న ఎయిర్‌సాఫ్ట్ ఆటలకూ మినహాయింపులు ఉన్నాయి. మామూలు కొనుగోలుదారు మెరిసే ఎరుపు, నారింజ, గులాబీ రంగులతో సరిపెట్టుకోవాలి. జపాన్ నుంచి బంగారు రంగు పిస్తోలు తెప్పిస్తే ఆ రంగుల జాబితాలో బంగారం లేదని సరిహద్దులో తెలుస్తుంది.

అమెరికాలో ఉన్న తల్లిదండ్రులకు రంగు గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. 2014 నవంబరులో క్లీవ్‌లాండ్‌లోని పార్కులో ఎయిర్‌సాఫ్ట్ పిస్తోలుతో ఆడుకుంటున్న 12 ఏళ్ల నల్లజాతి బాలుణ్ని పోలీసు కాల్చి చంపాడు. ఆ బొమ్మకు నారింజ రంగు కొన లేదు. చట్టం ఏం చెప్పినా, రంగున్నా లేకున్నా, మన పిల్లల చేతికి తుపాకీ పోలిన వస్తువు ఇచ్చి బయటికి పంపొద్దు.

ప్రశ్న: నమూనా మీద కోల్ట్, వాల్తర్ పేర్లు, ముద్రలు ఉండొచ్చా?

అవి ట్రేడ్‌మార్కులు. అనుమతి తీసుకున్న తయారీదారు వేయొచ్చు. జర్మనీలోని ఉమారెక్స్ కంపెనీ వాల్తర్, హెక్లర్ అండ్ కోచ్ పేర్లను లైసెన్సు మీద వాడుతుంది. ముద్రలేని నమూనా నకిలీ సరుకని అనుకోవద్దు. చాలాసార్లు చట్టం తెలిసిన కంపెనీ చేసిన పని అది.

ప్రశ్న: షార్ట్ ఫిల్మ్ కోసం త్రీడీ ప్రింటర్‌తో పిస్తోలు చేయించుకోవచ్చా?

లోపల ఏ యంత్రాంగమూ లేని గట్టి దిమ్మగా, గొట్టంలో రంధ్రం లేకుండా, ఆకారం వరకే చేయించండి. కదిలే సుత్తి, తెరిచిన గొట్టం కావాలని ఎవరైనా ఒప్పిస్తే వినొద్దు. తెర మీద అవి కనబడవు, పోలీసుకు మాత్రం కనబడతాయి. సినిమావాళ్లు ఫైబర్, రబ్బరు, చెక్కలతోనే పని నడిపిస్తారు. ప్రింటింగ్‌కు పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ వాడితే ఒక జాగ్రత్త: 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెల ఎండలో విజయవాడలో తలుపులు మూసిన కారులో వదిలేస్తే మధ్యాహ్నానికి గొట్టం వంగిపోతుంది. రోడ్డు మీద చిత్రీకరణ అయితే స్థానిక పోలీసు స్టేషన్‌కు ముందుగా రాసి ఇవ్వడం తప్పనిసరి అనుకోండి.

ప్రశ్న: జపాన్‌లో ఉంటున్నాను. మొదటిసారి కొంటున్నాను. ఏ పదార్థంది తీసుకోమంటారు?

పేల్చి చూసే సరదా ఉంటే ఏబీఎస్, పేరున్న కంపెనీది, కొత్తది. అద్దాల బీరువాలో పెట్టి చూసుకోవడానికైతే హెవీవెయిట్, కాస్త ఖరీదైనా సరే. లోహం మీదే మనసుంటే ఎస్‌ఎమ్‌జీ ముద్ర ఉన్న బంగారు రంగుది, రశీదుతో. పాతదాన్ని చవగ్గా ఇస్తామన్నా, ముద్ర అరిగిపోయిందన్నా అక్కడే వదిలేసి రండి. ఏది కొన్నా పెట్టెలో పెట్టి, సంచిలో మూసి ఇంటికి తీసుకెళ్లండి. రైల్లో తెరిచి స్నేహితుడికి చూపించకండి.